పగవాడి వరసలో మన పాట

కుందూ నది పారే రేనాటి నల్లరేగడిలో ఉయ్యాలవాడ అనే ఊరుంది. ఆ ఒక్క ఊరి నుంచి జానపదులు ఇద్దరు మనుషుల్ని పాటకెక్కించారు.

మొదటివాడు నరసింహారెడ్డి. నొస్సం పాళెగాళ్ల దౌహిత్రుడు. తాతలనాటి అధికారం పోగా కుంఫిణీ అతని వాటాకు మిగిల్చిన భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ భరణం తగువుగా మొదలైంది ముదిరి తిరుగుబాటైంది. 1846 జూలైలో అతని మనుషులు కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. అక్టోబరులో అతను కొండల్లో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఉరి తీశారు. తలను కోట బురుజుకు వేలాడదీసి ఏళ్ల తరబడి అలాగే ఉంచారు.

రెండోవాడు బుడ్డా వెంగళరెడ్డి. ఆ ఉరి జరిగిన 19 ఏళ్లకు, 1866లో సీమను కరువు పట్టుకుంది. వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి, ఊళ్లు వదిలి తరలిపోతున్న వేలమందికి గంజీ అన్నమూ పోయించాడు. ఆ మాట దొరల చెవిన పడి, సముద్రాలు దాటి, విక్టోరియా రాణి పేరుతో బంగారు పతకమై తిరిగొచ్చింది.

ఒకే ఊరు. ఒకరికి తెల్లదొరతనం ఉరితాడు వేసింది, ఇంకొకరికి పతకం వేసింది. చరిత్ర పుస్తకం రాసేవాళ్లైతే ఇద్దరినీ వేరువేరు అధ్యాయాల్లో, బహుశా ఎదురెదురు పక్షాల్లో కూర్చోబెడతారు. జానపదులు అలా చేయలేదు. ఇద్దరినీ పాడారు. వీరగాథల మీద జీవితకాలం పనిచేసిన తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఇద్దరినీ జతచేసి ‘రేనాటి సూర్యచంద్రులు’ అన్నారు. దేశభక్తి పాట అంటే ఏమిటి, అది ఎవరి సొత్తు అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నా ఆలోచన ఈ ఊరి దగ్గరికే పోతుంది.

కోవెలకుంట్ల వైపు ఒక పల్లెలో ఒక రాత్రి ఒక పెద్దాయన కథ చెబుతుంటే విన్నాను. భుజాన తంబుర, కుడిచేతి వేళ్లకు అందెలు, అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకున్న ఇద్దరు వంతగాళ్లు. ముందు నరసింహారెడ్డి కథ చెప్పాడు. ఉరి ఘట్టం వచ్చేసరికి ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపాగి, నీళ్లు తాగి, ఎవరో అడిగితే వెంగళరెడ్డి పాట ఎత్తుకున్నాడు. గుమ్మెట మీద అదే నడక. గొంతు లేచే చోట లేచింది, దిగే చోట దిగింది. మాటలు తప్ప ఏదీ మారలేదు. తెల్లవారి ఆయన పక్కన కూర్చుని అడిగాను.

“తాతా, ఒకటి దొరలు సంపిన మనిషి కథ. ఇంకోటి రాణి మెచ్చిన మనిషి కథ. రెండిటికీ ఒకటే వరస పెట్నావే?”

“ఇంటింటికీ పొయ్యి పాడేవాళ్లం నాయనా. ఇంటికొక వరస యాడ్నించి తెస్తాం? విన్యోళ్లకు వరస తెలిసుంటేనే కత తలకెక్కేది. ఇద్దురూ మనోళ్లేగదా, ఒకాయన పానం ఇచ్చె, ఒకాయన కూడు పెట్టె.”

ఆయన రెండు మాటలు చెప్పాడు. ఒకటి పాట కట్టే పనికి సంబంధించినది. విన్నవాళ్ల చెవికి ముందే పరిచయమైన వరస ఉంటే కథ సులువుగా లోపలికి పోతుంది. రెండోది సీమకు సంబంధించినది. మనవాడా పగవాడా అన్నది తేల్చే కొలత ఇక్కడ రంగు కాదు, జెండా కాదు. ఆకలి వేళ ఆ మనిషి ఎక్కడున్నాడు అన్నదే.

ఈ కొలత ఎంత గట్టిదో తెలియాలంటే థామస్ మన్రో సంగతి చూడాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాల మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు మన్రో. పాళెగాళ్ల కోటలు పడగొట్టించి, వాళ్ల చేతిలో కత్తికి బదులు భరణం పెట్టిన వ్యవస్థ అతనిదే. నరసింహారెడ్డి తిరగబడింది ఆ వ్యవస్థ మీదే. అయినా రైతు పేర పట్టా రాసి, మధ్యలో వాళ్ల పీడన తగ్గించాడని అదే మన్రో పేరు ఇక్కడి వాళ్లు పిల్లలకు పెట్టుకున్నారు. మన్రోలప్పలు, మన్రోలమ్మలు పుట్టారు. 1827 జూలై 6న పత్తికొండలో అతను కలరాతో చనిపోయాడు. చనిపోయే ముందు కడప జిల్లా గండిలో, పాపాఘ్ని నది కొండలు చీల్చుకుని వచ్చే చోట, రాముడి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం అతని కంటపడిందని ఇప్పటికీ కథగా చెబుతారు. పాళెగాళ్లను అణిచిన తెల్లదొరకు రామాయణ దర్శనం ఇచ్చిన నేల ఇది. పాళెగాళ్ల మనవడిని వీరుణ్ని చేసి పాడుకున్న నేల కూడా ఇదే.

దీన్ని అవకాశవాదం అనుకుంటే సీమ అర్థం కానట్టే. ఒక శతాబ్దంలో ఇక్కడ ఎన్ని జెండాలు ఎగిరాయి! కడప నవాబు, కర్నూలు నవాబు, మరాఠాలు, హైదరు, టిప్పు, నిజాం, కుంఫిణీ. 1839లో చివరి నవాబు గులాం రసూల్ ఖాను పట్టుబడే దాకా కర్నూలు వేరే రాజ్యమే. రాజు మారినా మబ్బు మారదు. 1876లో మొదలైన ధాత కరువు ఏ పక్షం వాళ్లను వదిలింది? జెండాలు ఇంత తొందరగా మారే చోట పాటగాడు జెండాకొక వరస కట్టుకుంటూ కూర్చోలేడు. చెవిలో నిలిచిన వరసను కాపాడుకుంటాడు, దాని మీద కొత్త మాట కూర్చుతాడు.

పల్లె పాటగాడి అవసరం ఇది. మరి సైన్యాలకు, ప్రభుత్వాలకు ఆ అవసరం లేదు కదా? వాళ్లకు ఆస్థాన విద్వాంసులుంటారు, బ్యాండు మేళాలుంటాయి. అయినా అక్కడా ఇదే జరిగింది. మరింత పెద్ద ఎత్తున జరిగింది.

బ్రిటిషు రాజు క్షేమం కోరే ‘గాడ్ సేవ్ ద కింగ్’ వరసనే తీసుకోండి. ప్రష్యా తన రాజు గీతం అదే వరసలో పాడుకుంది. 1871లో జర్మనీ ఒక్క సామ్రాజ్యమయ్యాక అదే రాజగీతం. అంటే 1914లో కందకాలకు అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చంపుకున్న సైనికులు తమ తమ ప్రభువులను ఒకే వరసలో దీవించారు. అమెరికన్లు ఆ బ్రిటిషు రాజునే కాదనుకుని విడిపోయాక, 1831లో ఆ వరసకే తమ దేశాన్ని పొగిడే మాటలు రాసుకున్నారు. వాళ్ల జాతీయ గీతం సంగతి ఇంకా చిత్రం. 1814లో బ్రిటిషు నౌకలు బాల్టిమోర్ కోట మీద గుళ్లు కురిపిస్తుంటే చూసి ఫ్రాన్సిస్ స్కాట్ కీ రాసిన మాటలవి. వరస మాత్రం లండన్‌లో ఒక సంగీత సంఘం పెద్దమనుషులు విందుల్లో పాడుకున్న పాటది. ఫిరంగి ఎవరిదో వరసా వాళ్లదే.

ఆ రాజగీతం వరస మన దేశానికి కుంఫిణీ బ్యాండుతో వచ్చింది. మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ముత్తుస్వామి దీక్షితులు, ఆయన తమ్ముడు బాలుస్వామి కోటలోని తెల్లవాళ్ల సంగీతం విన్నారు. బాలుస్వామి ఫిడేలు నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. ముత్తుస్వామి ఆ బ్యాండు వరసలకు సంస్కృతంలో సాహిత్యం కూర్చాడు. వాటినే నోటుస్వర సాహిత్యాలంటున్నాం. అందులో రాజుగారి వరసా ఉంది. దీక్షితుల చేతిలో అది శ్యామలాదేవి స్తుతి అయింది. మన వైపు దారం ఇంకొకటి ఇక్కడ కలుస్తుంది. ఈ యూరపు వరసల సాహిత్యాలను దీక్షితుల కాలంలోనే, 1830ల తొలినాళ్లలో, ఒక ప్రతిలో రాయించి దాచినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. తెలుగు నేర్చుకుని 1820లో కడపకు వచ్చి, ఆ ఊళ్లోనే బంగళా కొని, పండితులను పెట్టుకుని వేమనను, కావ్యాలను చెదల నోట్లోంచి లాగిన బ్రౌనే. కడపలో ఆయన పేరుతో నిలిచిన గ్రంథాలయంలో కూర్చున్నప్పుడు నాకు ఇదే తలపుకొస్తుంది. ఏ కుంఫిణీ 1847లో కోవెలకుంట్లలో ఉరికొయ్య నిలబెట్టిందో, ఆ కుంఫిణీ రాజగీతం వరస అంతకు ముందే మన దేవత కాళ్ల దగ్గర పువ్వై ఉంది. దాన్ని పువ్వు చేసినవాడు లొంగిపోయి చేయలేదు. నచ్చి తీసుకున్నాడు.

కడప జిల్లాకే చెందిన సురభి నాటకాల వాళ్ల కథ కూడా ఈ దారిలోదే. 1885లో చక్రాయపేట వైపు సురభి గ్రామంలో కీచకవధ ఆటతో మొదలైన ఆ కుటుంబాలు ఆరె మరాఠీలు. మరాఠా సైన్యాల వెంట దక్షిణానికి వచ్చినవాళ్ల సంతతి అని చెప్పుకుంటారు. 1757లో కడప నవాబు మీదికి దండెత్తి వచ్చిన మరాఠాలను ఈ నేల శత్రువులుగానే చూసి ఉంటుంది. మరాఠీ మాట్లాడే ఇళ్ల పిల్లలు నూటముప్పై ఏళ్లు తిరక్కుండానే తెలుగు పద్యానికి గొంతు ఇచ్చారు. తెలుగు రంగస్థలం మీద మరాఠీ, పార్శీ నాటకాల వరసలు వాడుకలోకి వచ్చిన కాలమది. దండు దారిన వచ్చింది చివరికి పాట దారిన మనదైంది.

పగవాడి వరస ఎందుకు తీసుకుంటాం? సీమ రైతుకు ఈ ప్రశ్న కష్టం కాదు. వాన పడి పదునైందంటే ఆ నాలుగు రోజుల్లో విత్తనం పడాలి. గొర్రుకు ఎద్దులు చాలకపోతే మాటల్లేని దాయాది ఇంటికైనా పోయి అడుగుతాడు, ఆ దాయాదీ ఇస్తాడు. కోపానికీ అలాంటి పదునే ఉంది. జనం కడుపు మండినప్పుడు, దేశం మీదికి ప్రమాదం వచ్చినప్పుడు, కొత్త వరస కట్టి, నేర్పి, ఊరూరా పాకేదాకా ఆగే వ్యవధి ఉండదు. అప్పటికే వేలమంది గొంతులో ఉన్న వరస కావాలి. ఎక్కువమంది గొంతులో ఉండేది చాలాసార్లు ఎదుటి పక్షం వరసే, ఎందుకంటే బ్యాండు వాళ్లది, బడి వాళ్లది, రేడియో వాళ్లది. పాట కట్టేవాడు దాన్ని అందుకుంటాడు. అందుకున్న క్షణంలో రెండు పనులవుతాయి. ఎదుటివాడి బలం మన చేతికి వస్తుంది. మనకు తెలియకుండానే వాడి గుండె చప్పుడు ఒకటి మన పాటలో ఉండిపోతుంది.

మన జాతీయ గీతం చరిత్రలో ఇది ఎంత లోతుగా ఉందో చూడండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నాడు. 1911 దాకా మదనపల్లె కడప జిల్లాలోదే. ఫిబ్రవరి 28న ఆయన జనగణమనకు ఇంగ్లీషు అనువాదం అక్కడే రాశాడు. ఆ కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాట వరసను పాశ్చాత్య స్వరలిపిలో నిలిపింది. ఆమె ఐరిష్ మనిషి. ఆ జనవరిలోనే ఆమె పుట్టిన దేశంలో బ్రిటిషు వాళ్లతో స్వాతంత్ర్య పోరు మొదలైంది. పదమూడేళ్లకు, 1932లో, ఆమె మన దేశం కోసం జైలుకు కూడా పోయింది. బ్రిటిషు సామ్రాజ్యం కింద నలిగిన రెండు దేశాల మనుషులు, ఆ సామ్రాజ్యం తెచ్చిన సంగీత లిపిలో, ఆ సామ్రాజ్యం పోయాక మనం లేచి నిలబడి పాడబోయే పాటను రాసుకున్నారు. అదీ మన సీమ గాలిలో. తర్వాత నెహ్రూ కోరిక మీద ఆ గీతాన్ని వాద్యబృందానికి అనువుగా తీర్చినవాడు హెర్బర్ట్ మరిల్ అనే ఇంగ్లీషు స్వరకర్త. వలసపాలన మీద గెలిచిన దేశం తన గీతాన్ని ఆ పాలకుల దేశస్థుడి చేతికి నమ్మకంగా ఇచ్చింది. నేను దీన్ని లోటు అనుకోను. గెలిచినవాడికి ఉండాల్సిన నిబ్బరం అనుకుంటాను.

కెప్టెన్ రాంసింగ్ ఠాకురిది ఇలాంటి జీవితమే. బ్రిటిషు ఇండియా సైన్యంలో గూర్ఖా రెజిమెంటు మనిషి. సంగీతం నేర్చుకున్నది ఆ సైన్యం బ్యాండులోనే. మలయా యుద్ధంలో జపాను వాళ్లకు చిక్కి, తర్వాత సుభాస్ చంద్రబోసు ఆజాద్ హింద్ ఫౌజులో చేరాడు. బ్రిటిషు వాళ్లు నేర్పిన కవాతు నడకలోనే బ్రిటిషు వాళ్ల మీదికి నడిచే ‘కదం కదం బఢాయే జా’కు స్వరం కట్టాడు. జనగణమన వరసకు హిందుస్తానీలో మాటలు కూర్చిన ‘శుభ సుఖ చైన్’ ఆ ఫౌజు గీతమైంది. యుద్ధం ముగిశాక కదం కదం పాటను బ్రిటిషు సర్కారు రాజద్రోహమని నిషేధించింది. ఇవాళ ఆ పాటకు భారత సైన్యం కవాతు చేస్తోంది. ఫౌజుతో యుద్ధరంగంలో తలపడిన సైన్యానికి వారసురాలైనదీ ఈ సైన్యమే. ఫౌజు వాళ్లను కాల్చమన్న ఆజ్ఞను పాటించిన పటాలాల వారసులు ఫౌజు పాటకు అడుగు కలుపుతున్నారు. మనలో మనం మాన్పుకున్న గాయాల్లో ఇదొకటి. ఏ ప్రకటనతోనో మానలేదు, పాటతో మానింది.

కర్నూలు, కడపల్లో ఇంకొక పాట ఉంది, ఇంకా సున్నితమైనది. ఈ రెండూ ఉర్దూ ఊపిరి ఉన్న పట్టణాలు. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే డాక్టర్ అబ్దుల్ హక్ కర్నూలులో ఉస్మానియా కళాశాల నిలబెట్టారు. ఇక్కడి ఉర్దూ బడుల్లో ఆగస్టు 15 ఉదయం పిల్లలు ‘సారే జహాసె అచ్ఛా’ పాడతారు. ఇక్బాల్ దాన్ని 1904లో రాశాడు. 1910లో అదే ఛందస్సులో, అదే ప్రాసలో ఇంకో గీతం రాశాడు. అందులో దేశానికి బదులు మతసమాజం పాటకు కేంద్రమైంది. తర్వాత ఆ కవిని పాకిస్తాన్ తన జాతీయ కవిగా చేసుకుంది. మనం ఆ మొదటి పాటను వదిలేశామా? వదల్లేదు. 1945లో రవిశంకర్ ఆ పాటకు వరస కట్టాడు, మన సైన్యం ఆ పాటను వాయిస్తూనే ఉంది. తెల్లచొక్కాకు జెండా గుచ్చుకున్న కర్నూలు పిల్లవాడు అది పాడుతుంటే, కవి తర్వాత ఎటు పోయాడన్న లెక్క ఆ గొంతును తాకదు. ఆ పిల్లవాడి దేశభక్తిని ఎప్పుడైనా ఎవరైనా అనుమానంగా చూస్తే, ఈ పాట నడిచివచ్చిన దారిని వాళ్ల ముందు పెట్టాలనిపిస్తుంది.

నా కళ్లతో చూసిన పోరు ఒకటుంది. 2013 ఆగస్టు, కడప ఏడురోడ్ల కూడలి. రాష్ట్రం చీలకూడదని రోజూ ఊరేగింపులు. ఆరోజు రోడ్డు మీదే రాళ్లు పేర్చి పొయ్యిలు వెలిగించి వంటావార్పు పెట్టారు. ఆ నిరసన పద్ధతే తెలంగాణ ఉద్యమం నుంచి వచ్చింది. ఆకుల్లో చిత్రాన్నం పెడుతుండగా ఒక యువ ఉపాధ్యాయుడు మైకు అందుకుని పాట ఎత్తుకున్నాడు. మాటలు కలిసుండాలని. వరస మాత్రం అవతల విడిపోవాలని పాడుతున్న ధూంధాం పాటలది. డప్పు పట్టుకున్న పిల్లవాడికి ఎక్కడ ఆపాలో, ఎక్కడ రెట్టింపు కొట్టాలో ఎవరూ చెప్పలేదు. పల్లవి రెండోసారి వచ్చేసరికి జనం అందుకున్నారు. హైదరాబాదులో చదువుకుని వచ్చిన పిల్లలకు ఆ వరస ఎక్కడిదో తెలుసు. తెలిసీ గొంతు కలిపారు. నా పక్కన వడ్డిస్తున్న పెద్దామె గరిటె ఆపి, తలూపుతూ వింది. “పాట బాగుండాది సార్, ఎవురిదైతేనేమి” అంది.

అవతల ఆ వరసకూ వెనక ఇంకొక వరస ఉంది. నిజాం మీద సాయుధపోరులో బండి యాదగిరి కట్టిన పాట ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతుతో తెలుగువాళ్ల ప్రతి ఇంటికీ చేరింది. అప్పటి నుంచి ఆ నడకను ఎన్ని ఉద్యమాలు ఎత్తుకున్నాయో, ఎదురెదురుగా నిలబడి ఎన్ని పార్టీలు ఎత్తుకున్నాయో! బుర్రకథ సంగతీ అంతే. ప్రజానాట్యమండలి చేతిలో దాన్ని చూసి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వాలే పంచవర్ష ప్రణాళికలకూ కుటుంబ నియంత్రణకూ అదే బుర్రకథను పిలిచాయి. నిషేధం చూసిన బుర్రకథకుడు షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చాయి.

ఆరోజు కూడలిలో నాకు ధైర్యంగా అనిపించింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. నీళ్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర, ఆస్తుల దగ్గర తగవులు మిగిలాయి. వాటిలో న్యాయం అడగాల్సిందే, సీమ వాటా సీమకు దక్కాల్సిందే. కానీ అటువైపు మనిషి ఎందుకు ఏడుస్తున్నాడో, ఎక్కడ ఊపిరి బిగబడుతున్నాడో వాడి వరస పాడినవాళ్లకు ఎంతో కొంత తెలుస్తుంది. వాదనలో తెలియనిది పాడితే తెలుస్తుంది.

దీన్ని మరీ తియ్యగా చెప్పుకోకూడదు. ఒకే వరస పాడిన జర్మనీ, బ్రిటన్ 1914లో యుద్ధం ఆపుకోలేదు. రాజగీతాలు ఒకటైనంత మాత్రాన ఒక్క తూటా ఆగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి, బెల్‌గ్రేడు రేడియో రాత్రిపూట ‘లిలీ మార్లిన్’ అనే జర్మన్ పాట వేస్తుంటే, ఆఫ్రికా ఎడారిలో జర్మన్ సైనికులతో పాటు ఎదుటి బ్రిటిషు సైన్యం వాళ్లూ విన్నారు. ఆ సైన్యంలో మన భారతీయ డివిజన్లూ ఉన్నాయి. పాట అయిపోయాక మళ్లీ తుపాకులు మోగాయి. వరస యుద్ధాన్ని ఆపలేదన్నది నిజం. దానికి అంత బలం ఉందని నేను అనను.

ఉన్న బలం వేరేది. యుద్ధం ముగిశాక మాటలు ముందు చచ్చిపోతాయి. ఫలానా సేనాపతిని తిట్టిన చరణం, ఫలానా రాజు జయం కోరిన చరణం రెండు తరాలు తిరిగేసరికి ఎవరికీ అక్కర్లేకుండా పోతాయి. వరస బతుకుతుంది. బతికి, నిన్నటి పగవాళ్ల మనవళ్లను ఒక చోట నిలబెట్టగలుగుతుంది. కోవెలకుంట్ల పెద్దాయన గొంతులో ఉరికొయ్య కథా, రాణి పతకం కథా కూర్చోగలిగింది అందుకే. ఫౌజు పాటకు సైన్యం నడవగలిగింది అందుకే.

అందుకని నాకు ఒక కోరిక ఉంది. పూర్వం మన నాటకాల పుస్తకాల్లో, జాతీయోద్యమ కాలపు పాటల పుస్తకాల్లో, పాట పైన చిన్న అక్షరాలతో ‘ఫలానా పాట మట్టు’ అని వేసేవాళ్లు. వరస ఎవరి దగ్గర తెచ్చుకున్నారో దాచుకోలేదు. అది పాడేవాడికి సాయం, ఇచ్చినవాడికి మర్యాద. ఆ అలవాటు మనం పోగొట్టుకున్నాం. ఇప్పుడు దేశభక్తి పాట అనగానే అంతా మనదే అయి ఉండాలని, ఎక్కడి నుంచో వచ్చిందంటే తక్కువతనమని ఒక భయం పెరిగింది. బడుల్లో ఆగస్టు 15కు పాటలు నేర్పే అయ్యవార్లను, అమ్మలను నేను అడిగేది ఒక్కటే. పాటతో పాటు దాని వరస నడిచొచ్చిన దారినీ పిల్లలకు చెప్పండి. జనగణమన నేర్పేటప్పుడు మదనపల్లెలో దానికి స్వరలిపి రాసిన ఐరిష్ ఆమె గురించి చెప్పండి. కదం కదం నేర్పేటప్పుడు రాంసింగ్ రెండు సైన్యాల గురించి చెప్పండి. నరసింహారెడ్డి పాట నేర్పేటప్పుడు పక్కనే వెంగళరెడ్డి పాటా నేర్పండి. అవతలివాళ్ల వరస తెచ్చుకున్నామని తెలిసిన పిల్లవాడు తన దేశాన్ని తక్కువ ప్రేమించడు. ఎదుటివాడూ మనిషేనని తెలిసి ప్రేమిస్తాడు. సరిహద్దులో నిలబడాల్సి వచ్చినా, ఊళ్లో పొరుగువాడితో తగువు పడాల్సి వచ్చినా, ఆ ఎరుక ఉన్నవాడి చేతిలోనే దేశం క్షేమంగా ఉంటుందని నేను నమ్ముతాను.